బడి తలుపు తెరిస్తే చాలునా?

సర్కారు బడి అందరిదీ, మరి ముస్లిం పిల్లలు తక్కువగా వస్తున్నారేమి? 1882లో హంటర్ కమిషన్ ఈ సంగతి కూడా విచారించింది. ముస్లింలు వేరే భాష కోరిన చోట్ల తప్ప ప్రాథమిక, మిడిల్ బడుల్లో వాళ్ళకు హిందుస్తానీలోనే, అంటే మన ఉర్దూలోనే, చెప్పాలనీ, స్కాలర్‌షిప్పులివ్వాలనీ సిఫారసు చేసింది. దొరలకు మనమీద ప్రేమని కాదు గాని, మాట మాత్రం సబబే.

స్వరాజ్యం వచ్చాక, 1956లో రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలంది, కాని ప్రాథమిక స్థాయికే. మిడిల్ బడి మాట అందులో లేదు.

ఆ తేడా చిన్నదేం కాదు. ఉర్దూలో అయిదు ముగించి తెలుగు హైస్కూల్లో చేరిన మన ఉయ్యూరు పిల్లవాడొకడు, లెక్క వచ్చి కూడా ప్రశ్న అర్థంగాక తెల్లకాగితం ఇచ్చి రావడం మేము చూశాము. వాడికి చదువు అబ్బదనుకుని తండ్రి పనిలో పెట్టాడు.