నిలిపే చోటే కొలబద్ద: జపాన్‌లో చిన్న విద్యుత్ కార్ల చరిత్ర

కారు ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండాలనేది తయారీదారుకూ కొనుగోలుదారుకూ మధ్య తేలిపోయే విషయమని చాలా దేశాల్లో అనుకుంటారు గాని, జపాన్‌లో మాత్రం ఆ నిర్ణయంలో మూడో పక్షమొకటి మొదటినుంచీ ఉంది. అది కారును రాత్రిపూట నిలిపి ఉంచే చోటు. ఆ దేశపు విద్యుత్ కార్ల చరిత్రను బ్యాటరీల చరిత్రగానే చదివితే సగమే అర్థమవుతుంది. మిగతా సగం ఇళ్ల ముందరి ఇరుకు వాకిళ్లలోనూ, పోలీసు ఠాణాల దరఖాస్తుల్లోనూ, అపార్టుమెంట్ల ఇనుప పార్కింగ్ అరల్లోనూ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లో పెట్రోలు కటకట ఎంత తీవ్రంగా ఉండేదంటే, జలవిద్యుత్తు అందుబాటులో ఉన్న ఆ రోజుల్లో కారును కరెంటుతో నడపడమే తెలివైన మార్గంగా కనిపించింది. యుద్ధకాలంలో విమానాలు తయారుచేసి, ఓటమి తర్వాత ఆ పని నిలిచిపోయిన తాచికావా సంస్థ ఇంజనీర్లు కొందరు 1947లో 'తామా' అనే విద్యుత్ కారును రూపొందించారు. దాని పొడవు 3 మీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు 1.23 మీటర్లు, గంటకు 35 కిలోమీటర్ల వేగంతో, ఒకసారి చార్జి చేస్తే 96 కిలోమీటర్ల దాకా పోయేది. సీసం బ్యాటరీలను చార్జి చేయడానికి గంటలు పట్టేది కనుక, వాటిని కారు అడుగుభాగంలో రెండు వైపులా చక్రాలున్న పెట్టెల్లో అమర్చారు; అయిపోయిన పెట్టెను పక్కకు లాగి, చార్జి చేసి ఉంచిన మరో పెట్టెను లోపలికి తోస్తే కారు మళ్లీ బయలుదేరేది. టాక్సీలుగా ఇవి బాగానే తిరిగాయి. అయితే 1950లో కొరియా యుద్ధం మొదలై సీసం ధర పెరగడంతో, పెట్రోలు సరఫరా కూడా మెరుగుపడడంతో తామా కథ కొద్ది ఏళ్లకే ముగిసింది.

అదే కాలంలో ప్రభుత్వం 'కెయ్' అనే వాహన తరగతిని, అంటే కొలతల్లోనూ ఇంజినులోనూ కట్టడి ఉండి అందుకు ప్రతిగా పన్నుల్లో రాయితీ పొందే తేలికపాటి వాహనాల తరగతిని ఏర్పరచింది. 1949 నాటి తొలి నిబంధన ప్రకారం పొడవు 2.8 మీటర్లు, వెడల్పు ఒక్క మీటరు మించరాదు. మరుసటి ఏడాదే దాన్ని 3 మీటర్లకూ 1.3 మీటర్లకూ పెంచారు. 1958లో వచ్చిన సుబారు 360 వంటి కార్లు ఆ చట్రంలోనే పుట్టి మధ్యతరగతి కుటుంబాలను రోడ్డు మీదికి తెచ్చాయి. తర్వాత 1976, 1990, 1998 సంవత్సరాల్లో హద్దులు కొంచెం కొంచెంగా సడలి, చివరికి 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు దగ్గర ఆగాయి. అంటే 1950 నుంచి దాదాపు యాభై ఏళ్లలో వెడల్పు పెరిగింది జానెడు కన్నా తక్కువే.

కార్లు పెరిగేకొద్దీ వీధులే గ్యారేజీలుగా మారిపోవడం చూసి, 1962లో జపాన్ పార్లమెంటు వాహన నిలుపుదల స్థలాల చట్టాన్ని చేసింది. రోడ్డు సొంత కారు పెట్టుకునే చోటు కాదన్నది దాని మూలసూత్రం. కారు కొనదలచినవాడు తనకు నిలిపే చోటు ఉందని స్థానిక పోలీసు ఠాణాలో ముందుగా రుజువు చేసుకోవాలి. ఆ చోటు ఇంటికి తొలి నిబంధనల ప్రకారం 500 మీటర్ల లోపల, 1991 నుంచి 2 కిలోమీటర్ల లోపల ఉండాలి. దరఖాస్తుతో పాటు రెండు పటాలు జతచేయాలి: ఇంటి నుంచి ఆ చోటికి దూరం చూపేది ఒకటి, ఆ చోటి పొడవు వెడల్పులనూ దాని ముందరి దారి వెడల్పునూ మీటర్లలో రాసి చూపేది మరొకటి. స్థలం అద్దెదైతే యజమాని అంగీకారపత్రం కావాలి. ఆపైన అధికారుల తరఫున తనిఖీ జరిగి, కారు ఆ చోట పూర్తిగా ఇముడుతుందనీ రోడ్డు మీదికి పొడుచుకురాదనీ తేలితేనే ధ్రువపత్రం చేతికి వస్తుంది. ఒక ప్రజాస్వామ్య దేశం కారు యజమానిని ఇంత నిక్కచ్చిగా నిలదీయడం ఆ రోజుల్లో అరుదైన సాహసమే. జపాన్ నగరాల నివాస వీధుల్లో ఈనాటికీ పాదచారులకు దారి మిగిలిందంటే ఈ చట్టం చలవ తక్కువేమీ కాదు. కెయ్ కార్లకు మాత్రం మొదట్లో ఈ బాధ్యత లేదు. 1991 నుంచి పెద్ద నగరాల్లో, కారు నమోదయ్యాక చోటు వివరాలు తెలియజేస్తే చాలన్న తేలికైన పద్ధతి వచ్చింది.

నేల చాలని చోట కార్లను ఒకదానిపై ఒకటిగా ఇనుప పలకల మీదికెత్తి అరల్లో పెట్టే యాంత్రిక పార్కింగ్ వ్యాపించింది. సెడాన్ కార్లను దృష్టిలో ఉంచుకుని కట్టిన అలాంటి వాటిలో చాలావాటి ఎత్తు పరిమితి 1,550 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంకె విదేశీ కంపెనీలను సైతం లొంగదీసింది: బీఎండబ్ల్యూ తన ఐ3 విద్యుత్ కారును జపాన్ కోసం కొంత కిందికి దించింది, చైనాకు చెందిన బీవైడీ 2023లో డాల్ఫిన్‌ను అక్కడ 1,550 మిల్లీమీటర్ల ఎత్తుతోనే విడుదల చేసింది. విద్యుత్ కార్లకు ఇది సహజంగానే కష్టం. బ్యాటరీ నేల కింద ఉంటుంది కనుక కూర్చునే మట్టం పైకి లేస్తుంది, దానితో పాటు కప్పూ లేస్తుంది. బ్యాటరీ బరువు ఇనుప పలకల భార పరిమితినీ పరీక్షిస్తుంది.

కెయ్ కొలతల్లో బ్యాటరీ కారును పెద్దయెత్తున తయారుచేయడం 2009లో మిత్సుబిషి ఐ-మీవ్‌తో మొదలైంది. అది ధర భారంతో నెమ్మదించినా, నిస్సాన్ 2022లో తెచ్చిన సకురా జనాదరణ పొందింది. పొడవు 3,395, వెడల్పు 1,475 మిల్లీమీటర్లు, అంటే చట్టం అనుమతించిన గీతకు చెరో 5 మిల్లీమీటర్ల ఇవతల. 20 కిలోవాట్ అవర్ బ్యాటరీతో అధికారిక పరీక్షలో 180 కిలోమీటర్ల ప్రయాణం. జోడు మోడల్ అయిన మిత్సుబిషి కారుతో కలిసి అది జపాన్ కార్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం అందుకుంది. కెయ్ తరగతికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. తామాను చేసిన సంస్థే పేర్లు మారి ప్రిన్స్ అయి, 1966లో నిస్సాన్‌లో కలిసింది కనుక, ఈ వంశవృక్షం అనుకోకుండానే మొదటి కొమ్మకు చేరింది. అయినా 1,655 మిల్లీమీటర్ల ఎత్తున్న సకురా పాత ఇనుప అరల్లో పట్టదు. సొంత వాకిలి, గోడకు ప్లగ్గు ఉన్న ఇళ్లకే అది బాగా నప్పుతుంది.

ఈ సంప్రదాయపు ఒక పాయ భారతదేశానికీ వచ్చింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800, సుజుకి కెయ్ కారు ఆల్టోకు దగ్గరి బంధువు. 2001లో బెంగళూరులో పుట్టిన రేవా విద్యుత్ కారు 2.6 మీటర్ల పొడవుతో అంతకన్నా చిన్నది. 2006 కేంద్ర బడ్జెట్ 4 మీటర్ల లోపు కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు జపాన్ పద్ధతి ఇక్కడా వేళ్లూనుతుందనిపించింది గాని, ఆ నిబంధన పొడవునూ ఇంజినునూ కొలిచిందే తప్ప వెడల్పును పట్టించుకోలేదు. ఫలితంగా 4 మీటర్ల లోపల ఒదుగుతూనే 1.8 మీటర్ల వెడల్పుకు ఉబ్బిన కార్లు వచ్చాయి. సందులోనైనా సెల్లారు పార్కింగ్‌లోనైనా తలుపు తెరుచుకోవడానికి అడ్డుపడేది వెడల్పే. విద్యుత్ కార్లపై 5 శాతం జీఎస్టీ విధించేటప్పుడు కూడా కొలతల ప్రసక్తి రాలేదు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో విద్యుత్ కార్లకు రాయితీలు ఇచ్చే విధానాలను ప్రభుత్వాలు సరిదిద్దే నాటికి, పొడవుతో పాటు వెడల్పునూ, కారుతో పాటు దాన్ని నిలిపే చోటునూ లెక్కలోకి తీసుకోవలసి ఉంది.