కౌలు రైతుకు డిజిటల్ రూపాయి: రెపో రేటు మీ దాకా వస్తుందా?

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 శాతం నుంచి 5.50 శాతానికి తగ్గించింది. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తెచ్చుకునే అప్పుకు కట్టే వడ్డీ ఇది. ఇది తగ్గితే ఇంటి రుణాల వాయిదా తగ్గుతుంది. కృష్ణా డెల్టాలో కౌలుకు చేస్తూ, బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకునే మీకు మాత్రం పైసా తగ్గదు. ధరలను అదుపు చేసే ఆ పగ్గం బ్యాంకు గుమ్మం దాటి రాదు.

లెక్క చూడండి. 50,000 రూపాయలకు ఆరు నెలల్లో బయటి వడ్డీ 6,000. అదే బ్యాంకు పంట రుణమైతే 7 శాతం చొప్పున 1,750. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 1,000 మాత్రమే. ఈ 7 శాతం ప్రభుత్వ రాయితీతో నిలబడేది, రెపోతో మారదు. ట్రాక్టరు, పాడి రుణాల మీద రెపో ప్రభావం ఉంటుంది, అదీ బ్యాంకులో లావాదేవీల చరిత్ర ఉన్నవారికే.

పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రానికి ఆయన సంతకం కావాలి. భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు. ఇక్కడే డిజిటల్ రూపాయి అక్కరకు రావచ్చు. ఇది రిజర్వు బ్యాంకు విడుదల చేసే నోటే, కాకపోతే ఫోన్‌లో ఉంటుంది. 2022 డిసెంబరు 1న ప్రజల వాడకానికి ప్రయోగం మొదలైంది. ఏ పనికి ఖర్చు కావాలో ముందే అందులో నిర్దేశించవచ్చు. స్టేట్ బ్యాంకు ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కౌలు రైతులకు ఇలా పెట్టుబడి రుణమిచ్చే ప్రయోగం చేపట్టిందని 2024 ఆగస్టులో అప్పటి గవర్నరు శక్తికాంత దాస్ చెప్పారు. సొమ్ము విత్తనం, ఎరువులకే ఖర్చవుతుంది కనుక సాగు చేస్తున్నది ఎవరో ఆ కొనుగోళ్లే చెబుతాయి.

అయితే నాట్ల కూలి, కోత యంత్రం బాడుగ ఎరువుల కొట్టులో తీరేవి కావు. వాటికి విడిగా నగదు చూసుకోండి. డిజిటల్ రూపాయికి వడ్డీ రాదు, మిగులు డబ్బు పొదుపు ఖాతాలోనే ఉంచండి.

నాట్లకు ముందే గ్రామ రెవెన్యూ అధికారిని కలిసి హక్కు పత్రానికి దరఖాస్తు చేయండి. యజమాని ఒప్పుకోకపోతే తోటి కౌలుదార్లతో ఉమ్మడి బాధ్యత బృందంగా బ్యాంకుకు వెళ్లండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అక్కర్లేదు. ఎరువుల బిల్లులు మీ పేరుతోనే రాయించుకుని దాచండి.