రిస్కుకి కొలత దొరికిన కథ

ఆఫీసు క్యాంటీన్లో షేర్ల మాట వస్తే వినబడే ప్రశ్న ఒక్కటే - "ఎంత వచ్చింది?" అంత రావడానికి ఎంత రిస్కు తీసుకున్నావని అడిగినవాళ్ళు నాకైతే పెద్దగా తగల్లేదు. అలా అడగడానికో లెక్క ఉంది, దాని వెనక మన వృత్తివాళ్ళ చెయ్యీ ఉంది. అందుకే ఈ టపా.

1950లో చికాగో యూనివర్సిటీ లైబ్రరీలో హ్యారీ మార్కోవిట్జ్ అనే విద్యార్థి జాన్ బర్ విలియమ్స్ పుస్తకం చదువుతున్నాడు. షేరు విలువంటే ముందుముందు అదిచ్చే డివిడెండ్లకి ఈనాటి విలువ అని అందులో సారాంశం. కుర్రాడికి అనుమానమొచ్చింది. రాబడి ఒక్కటే ముఖ్యమైతే, అన్నిటికన్నా ఎక్కువిచ్చే ఒకే ఒక్క షేరు కొంటే సరిపోతుంది కదా? మరి జనం పదిరకాలు ఎందుకు కొంటున్నారు? భయం వల్ల. అయితే ఆ భయాన్నీ కొలవాలి!

1952లో వ్యాసం అచ్చయింది. రాబడికి కొలత సగటు. రిస్కుకి కొలత ఆ సగటు నుంచి అటూ ఇటూ ఎంత ఊగుతుందన్నది. అసలు కీలకం వేరే ఉంది: ఒక షేరు ఒంటరిగా ఎంత ఊగిందని కాదు, మిగతావాటితో కలిసి ఊగుతోందా అని చూడాలి. మాగాణితో పాటు కాస్త మెట్ట కూడా ఉంచుకునే రైతుకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

చిక్కల్లా కంప్యూటర్ దగ్గరొచ్చింది. 100 షేర్లంటే 4,950 జతలు. ఐబీఎం 7090 మీద ఆ లెక్కకి 33 నిమిషాలు పట్టేది. 1963లో విలియం షార్ప్, ప్రతి షేరునీ మిగతా అన్నిటితో కాకుండా ఒకే సూచీతో పోలిస్తే చాలన్నాడు. 30 సెకన్లలో తేలిపోయింది! మనమైతే దీన్ని ఆప్టిమైజేషన్ అంటాం. మార్కోవిట్జ్ కూడా తక్కువవాడేం కాదు, సిమ్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వెనక ఉన్నది ఆయనే. 1990లో ఇద్దరికీ, మెర్టన్ మిల్లర్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

1966లో షార్ప్ ఇచ్చిన నిష్పత్తి మనకి బాగా పనికొస్తుంది. రిస్కులేని చోట 7% వస్తోందనుకుందాం. ఒక ఫండు 15% ఇచ్చి 20% ఊగింది: 8/20, అంటే 0.4. ఇంకోటి 12% ఇచ్చి 10% ఊగింది: 5/10, అంటే 0.5. క్యాంటీన్లో గెలిచేది మొదటిది, లెక్కలో గెలిచేది రెండోది.

అయితే ఈ అంకెలన్నీ గతంలోంచి తీసినవే. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ లెక్కలు తప్పుడువని ఒప్పుకున్నాక, ఆ షేరు ఒక్కరోజులో మూడొంతులకి పైగా పడిపోయింది. ఆ రోజు ఎలా ఉంటుందో అంతకుముందరి ఊగిసలాట ఏదీ చెప్పలేదు. అక్కడే పనిచేస్తూ ఆ షేర్లే దాచుకున్నవాళ్ళకి జీతం, పొదుపు ఒకే పొద్దున ప్రమాదంలో పడ్డాయి. కలిసి ఊగడమంటే అదే.

కంపెనీ ఇచ్చిన షేర్లు, కంపెనీ ఇచ్చే జీతం, ఆ జీతం మీద తెచ్చిన ఇంటి అప్పు - మనలో చాలామంది పోర్ట్‌ఫోలియో ఇంతే. ఇందులో మెట్ట ఏది, మాగాణి ఏది? నాకు కనబడేది మూడు మాగాణి చెక్కలు, వాటన్నిటికీ ఒకటే కాలవ.