పంజా మాదే, గుట్టా మాదే

"మీవాళ్ళు ఎక్కణ్ణించి వచ్చారు?"

తెలుగు పత్రికల్లో పనిచేస్తూ ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న వింటున్నాను. కోపంతో అడిగేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది చాయ్ తాగుతూ, మామూలుగానే అడుగుతారు. ముందు "తెలుగు ఎంత బాగా రాస్తారండీ!" అని మెచ్చుకుంటారు, ఆ వెనకే ఈ మాట. ఆ మెచ్చుకోలులోనే నన్ను గడప అవతల నిలబెట్టారని వాళ్ళకు తోచదు. అరబ్బా? ఇరానా? తుర్కీయా? ఏదో ఒక దేశం పేరు చెబితే వాళ్ళకు నిమ్మళం. మా తాత సంగ్‌తరాష్. అంటే రాళ్ళు చెక్కేవాడు. గోల్కొండ చుట్టుపక్కల గుట్టల్లో ఉలీ సుత్తీ పట్టుకుని బతికాడు. ఆయన అరేబియాను మ్యాపులో కూడా చూసి ఉండడు.

ఈ ప్రశ్నకు జవాబు నా ఇంటి వంశవృక్షంలో లేదు. హైదరాబాద్ గుట్టల్లో ఉంది. ఈ నగరం చరిత్ర అనగానే అందరూ మూసీ ఒడ్డు నుంచి మొదలుపెడతారు. 1591లో చార్మినార్, ఆ తర్వాత నిజాములు, వాళ్ళ నగలు, బిర్యానీ. ఈ బల్లపరుపు చరిత్రలో ముస్లిం అంటే నవాబు, కాకపోతే రజాకారు. మూడోవాడికి చోటు లేదు. గుట్టలెక్కితే లెక్క మారుతుంది. అక్కడి నల్లరాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దాని ముందు నాలుగు వందల ఏళ్ళ కిందట వచ్చినవాడూ, నాలుగు వేల ఏళ్ళ కిందట వచ్చినవాడూ దాదాపు ఒకేరోజు చుట్టాలు.

ఈమధ్య ఒక ఆదివారం వార్త పనిమీద గోల్కొండ వెళ్ళాను. కలవాల్సిన మనిషి రాలేదు. రోజంతా చేతిలో మిగిలింది. సంచిలో నీళ్ళ సీసా ఉంది, కాళ్ళకు చెప్పులున్నాయి. తోడు ఎవరూ లేరు. సరే, గుట్ట తర్వాత గుట్ట పట్టుకుని ఎక్కడిదాకా పోగలనో పోదామని బయల్దేరాను.

మొదటిది గోల్కొండే. గొల్లవాళ్ళ కొండ. పేరే తెలుగు. కుతుబ్‌షాహీల కాలంలోనూ జనం నోట ఆ పేరే నిలిచింది, వాళ్ళే తమ నాలుకను మార్చుకున్నారు. బాలాహిసార్ మెట్లెక్కుతుంటే దారిలో మసీదు తగులుతుంది, పైన జగదాంబ గుడి ఉంది. ఆషాఢంలో నగరంలో బోనాలు మొదలయ్యేది ఇక్కడే. కింద దర్వాజా దగ్గర గైడు చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది. యాత్రికులు దాన్ని వింతగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇంతకన్నా పెద్ద వింత ఇబ్రహీం కుతుబ్‌షా.

ఈయన పట్టానికి రాకముందు అన్నకు భయపడి విజయనగరం పారిపోయాడు. ఏడేళ్ళు అళియ రామరాయల నీడన బతికాడు. 1550లో తిరిగొచ్చి రాజయ్యాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఈయనకే. ఈయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వచ్చిన మొదటి కావ్యం అది. ఒక్క సంస్కృత పదం కూడా వద్దని పట్టుబట్టి రాసిన తెలుగు కావ్యాన్ని అందుకున్నవాడు ఒక ఖాన్! "తెలుగు ఎంత బాగా రాస్తారండీ" అనే మిత్రులు ఈ సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

అయితే ఇబ్రహీంను దేవుణ్ణి చేయనక్కర్లేదు. తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికే 1565లో మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి పోయాడు. రాజులంతే. స్నేహమైనా పగైనా గద్దె కోసమే. దాన్ని మతం ఖాతాలో రాసుకోవడం మనం తర్వాత నేర్చుకున్న విద్య.

దిగేటప్పుడు రామదాసు బందీఖానా చూశాను. కంచెర్ల గోపన్నను తానీషా చెరలో పెట్టిన కథ ప్రతి తెలుగు బిడ్డకూ తెలుసు. సినిమాలూ హరికథలూ చెప్పాయి. ఆ తానీషా సంగతి ఏమైందో ఎంతమందికి తెలుసు? ఆయన దీవాను మాదన్న, రామదాసుకు మేనమామ. మాదన్న, అక్కన్న అన్నదమ్ముల చేతుల్లోనే రాజ్యం నడిచింది. 1686లో వాళ్ళిద్దర్నీ చంపేశారు. మరుసటి ఏడు ఔరంగజేబు ఎనిమిది నెలలు కోటను ముట్టడించి, లోపలివాడొకడు లంచానికి తలుపు తీస్తే పట్టుకున్నాడు. అబ్దుర్రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలై పడిపోయేదాకా పోరాడాడు. తానీషాను దౌలతాబాద్ కోటకు పంపారు. చెరలోనే చచ్చిపోయాడు. రామదాసు బయటికొచ్చాడు, ఆయన్ని బంధించిన రాజు రాలేదు. ముట్టడించినవాడూ ముస్లిమే, ముట్టడికి లోనైనవాడూ ముస్లిమే. ఇందులో "మీవాళ్ళు" ఎవరు? "మావాళ్ళు" ఎవరు?

కోట ఉత్తరం వైపు బంజారా దర్వాజా ఉంది. దాన్ని దాటి కుతుబ్‌షాహీ సమాధుల పక్కనుంచి షేక్‌పేట మీదుగా ఎత్తుకు ఎక్కాను. ఎడ్లమీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరిగి, సైన్యాలకు కూడా తిండి మోసిన లంబాడీల పేరు అటు కోట దర్వాజాకు ఉంది, ఇటు గుట్టలకు ఉంది. బంజారాహిల్స్‌లో బంజారాలు ఎక్కడ అని అడగొద్దు. కూలికి వచ్చి పోతుంటారు. గత శతాబ్దం మొదట్లో ఇది రాళ్ళూ సీతాఫలం చెట్లూ ఉన్న అడవి. మెహదీ నవాజ్ జంగ్ బండల్ని పగలగొట్టకుండా వాటి మధ్యే ఇల్లు కట్టుకుంటే జనం వింతగా చూశారట. 1933లో నగరానికొచ్చిన టాగోర్ ఆ కొండమీద ఆతిథ్యం తీసుకున్నాడు. ఇప్పుడు అక్కడ నడవడానికి దారి లేదు. గోడలు, గేట్లు, కుక్కలు. గుండెడు లోతు పునాది కోసం పేల్చిన బండల మొండేలు అక్కడక్కడా మిగిలాయి. కొండ ఎక్కుతున్నట్టు కాళ్ళకు తెలుస్తోంది గాని కంటికి కొండ కనిపించదు.

అక్కణ్ణించి దిగితే పంజాగుట్ట. రోజూ ఎన్ని లక్షలమంది ఆ చౌరస్తా దాటుతారో! ఆ పేరును విడదీసి చూసేవాళ్ళు ఎందరు? పంజా పారసీ మాట. అయిదు వేళ్ళ అరచెయ్యి. మొహర్రంలో పీర్ల మీద కనిపించేది. గుట్ట మన తెలుగు మాట. ఈ రెంటినీ కలిపి కుట్టింది ఏ పండితుడూ కాదు. ఏ ఫర్మానాలోనూ పుట్టలేదు. దారినపోయే జనం అలవాటుగా అన్నారు, నిలిచిపోయింది. పహాడ్ అనడానికి ఉర్దూలో మాట లేక కాదు. గుట్ట అంటేనే వాళ్ళకు గుట్ట కనిపించింది. నేను ఇంట్లో అమ్మతో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడతాను. నా భాష ఏదని అడిగితే పంజాగుట్ట అని చెప్పాలనిపిస్తుంది.

మధ్యాహ్నం నౌబత్ పహాడ్ ఎక్కాను. ఈ కొండ మీద నగారాలు మోగించి పాదుషా ఫర్మానాలు చాటేవాళ్ళని చెబుతారు. కింద ఉన్న మైదానంలో మొగలు సైన్యం దిగిందనీ, గెలుపు గుర్తుగా దానికి ఫతే మైదాన్ అని పేరొచ్చిందనీ కూడా చెబుతారు. అది 1967 నుంచి లాల్‌బహదూర్ స్టేడియం. పక్కనున్న కాలాపహాడ్ మీద 1976లో పాలరాతి గుడి వెలిసింది. నౌబత్ పహాడ్ మీద 1985లో నక్షత్రశాల వచ్చింది. గుడితో నాకు తగువు లేదు. పిల్లలకు చుక్కలు చూపించే చోటంటే ఇష్టం కూడా. నా బాధ పేర్ల గురించి. అక్కడ టిక్కెట్ల వరసలో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళను ఈ కొండ పేరేమిటని అడిగాను. బిర్లా అన్నారు. రెండింటికీ అదే పేరు.

ఆ కొండమీద కూర్చుని చాలాసేపు ఒకటే ఆలోచించాను. ఆ నగారా మోగిన రోజున మా ముత్తాతల ముత్తాత ఎవరైనా కింద నిలబడి విని ఉంటే ఆయన సంతోషించాడా, ఏడ్చాడా? ఢిల్లీ పాదుషా నమాజు చదివేవాడు. ఓడిన తానీషా కూడా చదివేవాడు. కాని రాయి చెక్కేవాడికి కూలి ఇచ్చింది గోల్కొండ. ఆయన ఊరు అది. కాబట్టి ఏడ్చే ఉంటాడు. "ముస్లింలు ఈ దేశాన్ని గెలిచారు" అని పుస్తకాల్లో చదివినప్పుడల్లా నేను ఏ వైపున ఉన్నానో నాకిప్పుడు తెలుసు. గెలిచిన ఊళ్ళో కాదు, ఓడిన ఊళ్ళో ఉన్నాను.

లక్డీకాపూల్‌లో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, మళ్ళీ నడక. పొద్దు వాలుతుండగా మౌలాలి చేరాను. దాదాపు 500 మెట్లు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో యాఖూత్ అనే రాజాంతఃపుర సేవకుడికి కల వచ్చిందట. పచ్చబట్టల మనిషి పిలిచి, హజ్రత్ అలీ దగ్గరికి తీసుకెళ్ళాడట. తెల్లారి వెళ్ళి చూస్తే బండ మీద అరచేతి గుర్తు ఉందట. మళ్ళీ పంజా! కల వచ్చింది రాజుకు కాదు, మంత్రికి కాదు. పిల్లా జెల్లా లేని ఒక నౌకరుకు. అతని కలకు రాజు కదిలాడు. రజబ్ 17న ఉర్సుకు నాలుగు వందల ఏళ్ళుగా అన్ని మతాలవాళ్ళూ ఆ మెట్లెక్కుతున్నారు.

గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయింది. నాట్యగత్తె, ఉర్దూ కవయిత్రి, నిజాంతో యుద్ధాలకు వెళ్ళిన మనిషి. తల్లి రాజ్‌కున్వర్ కోసం 1792లో కట్టించిన సమాధి పక్కనే తనూ పడుకుంది. పాడుబడిన ఆ తోటను 2010 తర్వాత బాగుచేశారు. తల్లి పేరు రాజ్‌కున్వర్, బిడ్డ పేరు మహ్‌లఖా. వీళ్ళు ఎక్కణ్ణించి వచ్చారని ఎవరైనా అడుగుతారా? ఇదే గుట్ట చుట్టూ ఇనుపయుగం నాటి రాకాసిగుళ్ళు ఉండేవి. నిజాం కాలంలోనే తవ్వి చూశారు. ఆ సమాధుల్లో పడుకున్నవాళ్ళకు ఉర్దూ రాదు, మనకు తెలిసిన తెలుగూ రాదు. వాళ్ళ లెక్కన అందరం వలసవచ్చినవాళ్ళమే.

మెట్ల దగ్గర పూలమ్మే ముసలమ్మ నన్ను చూసి, "కహాఁసే ఆయే బేటా, ఇత్తా థక్ గయే?" అంది. ఎక్కణ్ణించి వచ్చావు కొడుకా, ఇంత అలిసిపోయావు. ఇరవై ఏళ్ళుగా వింటున్న ప్రశ్నే. గోల్కొండ నుంచి అన్నాను. "పైదల్?" అని నోరెళ్ళబెట్టి, నీళ్ళ చెంబు అందించింది. అడిగే గొంతును బట్టి ప్రశ్న అర్థం మారుతుంది.

మనం చేయాల్సింది చాలా ఉంది. నవాబుల చరిత్రను మన చరిత్రగా మోసుకు తిరగడం మానాలి. అది మనకు తిండి పెట్టలేదు, నిందలు మాత్రం తెచ్చింది. దానికి బదులు యాఖూత్ గురించి, సంగ్‌తరాష్‌ల గురించి, నగారా కొట్టినవాళ్ళ గురించి, పేర్లు కలిపి కుట్టిన జనం గురించి రాసుకోవాలి, రెండు భాషల్లోనూ. గుట్టలు తరిగిపోతున్నాయి. క్రషర్ మిషన్‌కు మతం లేదు, అది కాలాపహాడ్‌నీ కొరుకుతుంది, అడ్డగుట్టనీ కొరుకుతుంది. పేర్లు కూడా అలాగే పోతాయి. మన పిల్లలకు ఆస్తులు ఇవ్వలేం. కనీసం ఏ గుట్ట మీద నిలబడ్డారో ఆ గుట్ట పేరైనా చెప్పి పోదాం. రేపు వాళ్ళను ఎవరైనా ఎక్కణ్ణించి వచ్చారని అడిగితే, వేలు పెట్టి చూపించడానికి ఒక కొండ ఉండాలి.