చెరకు దారిలో ఒక రోజు



ఈ జూలై సెలవులలో మా సాయంకాలపు తెలుగు తరగతి పిల్లలు, వారి పెద్దలు కలసి డర్బన్ నుండి ఉత్తర తీరానికి ఒక రోజు యాత్ర వెళ్ళాము. బస్సు మాట్లాడుకొని, చరిత్ర చెప్పడానికి ఒక గైడును కూడా కుదుర్చుకొన్నాము.

బయలుదేరే ముందు సముద్రాన్ని చూపించి పిల్లలకు ఇలా చెప్పాను. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ 342 మందితో ఈ రేవుకు చేరింది. 1911 వరకు ఇలా ఒప్పందం మీద నేటాలుకు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. మన తెలుగువారు ఆ గుంపులోనే ఉన్నారు. ఒప్పందం అయిదేండ్లు. మొదటి యేడు జీతం నెలకు 10 షిల్లింగులు.

మొదట ఇనాండా కొండలకు వెళ్ళాము. 1904లో గాంధీగారు స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమం అక్కడ ఉన్నది. 1985 అల్లర్లలో ఆయన ఇల్లు తగులబడింది. తరువాత దానిని మళ్ళీ కట్టి 2000లో తెరిచారు. దానికి దగ్గరలోనే జాన్ డూబేగారి ఓలాంగే పాఠశాల. 1994 ఏప్రిల్ 27న మండేలాగారు తన మొదటి ఓటును అక్కడే వేశారు. కొండ మీద నుండి చూస్తే పచ్చని లోయలు కన్నుల పండువుగా ఉన్నాయి.

అక్కడ నుండి మౌంట్ ఎడ్జ్‌కూంబ్ మీదుగా బస్సు పోతున్నది. ఒకనాటి చెరకు తోటల చోట ఇప్పుడు పెద్ద ఇండ్లు, గోల్ఫు మైదానాలు. గైడు పట్టికలో ఆ ఊరు లేదు. అప్పుడు మాతో వచ్చిన ఒక పెద్దమ్మ, "అయ్యా, బండి ఆపండి. మా అమ్మ పుట్టిన చోటు ఇదే" అన్నది. ఆపాము. అక్కడి వినాయకుని గుడిని 19వ శతాబ్ది చివర కట్టినవాడు కిష్టప్ప రెడ్డి. ఆ పేరు వినగానే పిల్లల ముఖాలు వికసించాయి.

ఆ నేలకు మరొక కథ ఉన్నది. ఒప్పందం తీరినవారు తిరిగి ఒప్పుకోకుండా ఇక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు, అనగా మొదటి యేటి జీతంలో ఆరు నెలల కూలి! దాని మీద 1913లో సమ్మె జరిగింది. మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లో కాల్పులు జరిగి కూలీలు మరణించారు. 1914లో పన్ను రద్దయింది.

టోంగాట్‌లో జగన్నాథపురి గుడి దర్శించి, చెట్టు నీడన పులిహోర తిన్నాము. చివరకు గ్రౌట్‌విల్‌లో లుతూలీగారి ఇల్లు చూశాము. 1960 నోబెల్ శాంతి బహుమానం ఆయనది. ఆఫ్రికావారిలో దానిని మొదట పొందినవారు ఆయనే.

తిరుగు దారిలో ఒక పిల్లవాడు, "మాస్టారూ, పెద్దవాళ్ళ పేర్లన్నీ పలకల మీద ఉన్నాయి. మన తాతల పేర్లు ఎక్కడా లేవేమి?" అని అడిగాడు. ఉన్నాయి నాయనా, ఓడల పట్టికలలో ఉన్నాయి అన్నాను. ఒక్కొక్కరికి ఒక నంబరు, పక్కన తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషు అక్షరాలలో రాసుకొన్నాడు. అందువలన ఎన్నో ఊళ్ళ పేర్లు గుర్తు పట్టరాకుండా పోయాయి.

అది చెప్పి నేను సిగ్గుపడ్డాను. జీవితమంతా బడిలో రాజుల చరిత్ర చెప్పాను. ఓడ దిగి వచ్చిన మా అవ్వను మాత్రం "అవ్వా, నీది ఏ ఊరు?" అని ఒక్కనాడూ అడగలేదు. ఆమె పలికినట్లు ఆ పేరు నా చెవిలో ఉంటే, పట్టికలోని తప్పుడు అక్షరాలను ఈనాడు దిద్దుకొనేవాడిని.

మీ ఇంట ఇంకా పెద్దలుంటే, ఈ పండుగ నాడే వారి పక్కన కూర్చొని అడగండి. ఊరు, ఇంటిపేరు, ఓడ, ఏ తోటలో పని చేశారో, వారు పలికినట్లే తెలుగులో రాసుకోండి. గైడు మన ఊరి దగ్గర బండి ఆపడు. మనమే ఆపమని చెప్పాలి.