ఇల్లినాయ్ ల్యాండ్ ట్రస్టు

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ముఖ్యంగా షికాగోలో, స్థలాలు కొని లేఅవుట్లు వేసేవాళ్లు, భవనాలు కట్టేవాళ్లు 19వ శతాబ్దం చివరి నుంచి వాడుతూ వచ్చిన యాజమాన్య పద్ధతి ఇది. భూమి ట్రస్టీగా ఉండే ఒక బ్యాంకు పేరనో, ట్రస్టు కంపెనీ పేరనో రిజిస్టరవుతుంది. దాన్ని అనుభవించేదీ, అద్దెలు తీసుకునేదీ, అమ్మగా వచ్చిన సొమ్ము పుచ్చుకునేదీ మాత్రం లబ్ధిదారే. అతను రాసి ఇస్తే తప్ప ట్రస్టీ సంతకం పెట్టడు.

దీని వేర్లు ఇంగ్లండులో ఉన్నాయి. ఒకరి పేర భూమి ఉంచి మరొకరు అనుభవించే అలవాటు అక్కడ రాజుకు రావలసిన భూస్వామ్య రుసుములకు గండి కొట్టింది. ఎనిమిదో హెన్రీ హయాంలో, 1536లో వచ్చిన స్టాట్యూట్ ఆఫ్ యూజెస్ అలాంటి భూమిపై యాజమాన్యాన్ని నేరుగా అనుభవదారుకే కట్టబెట్టింది. ట్రస్టీ చేయవలసిన పని అంటూ ఏదైనా ఉంటే ఆ చట్టం వర్తించదని కోర్టులు తర్వాత తేల్చాయి. ఇల్లినాయ్ ఈ చట్టాన్ని తన శాసనాల్లో చేర్చుకుంది. దాంతోపాటే ఆ వెసులుబాటూ వచ్చింది.

1871 అగ్నిప్రమాదంలో షికాగో భూరికార్డులు కాలిపోయాయి. ప్రైవేటు టైటిల్ సంస్థలు కాపాడుకున్న నకళ్లే తర్వాత హక్కులకు ఆధారమయ్యాయి. ఆ సంస్థల వారసత్వంతో ఎదిగిన షికాగో టైటిల్ అండ్ ట్రస్ట్ కంపెనీ ల్యాండ్ ట్రస్టుల నిర్వహణలోనూ పేరు తెచ్చుకుంది. తాము ఓటేసే పనుల వల్ల విలువ పెరిగే స్థలాల్లో తమ వాటాను దాచుకోవడానికి నగర పాలక మండలి సభ్యులే ఈ పద్ధతి కనిపెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి వ్యాపార కారణం ఒక్కటే చాలు: పక్కపక్క స్థలాలన్నిటినీ ఒకే కొనుగోలుదారు సేకరిస్తున్నాడని తెలిస్తే మిగిలినవాళ్లు ధర పెంచుతారు.

1893లో హార్ట్ వర్సెస్ సీమోర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇలాంటి ట్రస్టు చెల్లుతుందని తీర్పిచ్చింది. లబ్ధిదారు ఆదేశిస్తే భూమి బదిలీ చేయడం, గడువు ముగిశాక మిగిలినది అమ్మడం ట్రస్టీ విధులుగా ఒప్పందంలో రాసుకుంటారు. గడువు మామూలుగా 20 ఏళ్లు. పని స్వల్పమే అయినా, పాత చట్టం బారి నుంచి తప్పించేది అదే.

అసలు కీలకం మరోటి. ఈ ట్రస్టులో భూమిపై హక్కు పూర్తిగా ట్రస్టీదే. లబ్ధిదారుకు ఉండేది చరాస్తి మాత్రమే. కాబట్టి అతని మీద వచ్చిన అప్పు డిక్రీ భూమికి చుట్టుకోదు. నలుగురు భాగస్వాముల్లో ఒకరు చనిపోయినా, తగవు పడినా భూమి పంపకానికి దావా వేయడం కుదరదు. ప్లాట్ల అమ్మకం ఆగదు. లబ్ధిదారు తన హక్కును తాకట్టు పెట్టి నిర్మాణానికి అప్పు తేవచ్చు. అప్పిచ్చినవాడికీ ఇది లాభమే: భూమి తనఖాను కోర్టు ద్వారా వేలానికి తేవడం కంటే చరాస్తిని రాబట్టుకోవడం త్వరగా తెమిలే పని.

తెలుగు పాఠకులకు ఇక్కడ బినామీ గుర్తుకు రావచ్చు. తేడా ఏమిటంటే, భూమి ట్రస్టు కింద ఉందని దస్తావేజే చెబుతుంది. ఎవరి కోసమో మాత్రం చెప్పదు. ఆ పేరు రిజిస్టరు కాని ఒప్పందంలో ఉంటుంది. ఈ గోప్యత శిథిల భవనాలు అద్దెకిచ్చే యజమానులకూ అక్కరకొచ్చింది. అందుకే ట్రస్టు భూమికి సంబంధించిన ప్రభుత్వ లైసెన్సుకో, అనుమతికో దరఖాస్తు చేసినప్పుడు లబ్ధిదారుల పేర్లు వెల్లడించాలని రాష్ట్రం చట్టం చేసింది. ఆస్తి పన్ను బాకీకి బాధ్యత ట్రస్టీది కాదు, లబ్ధిదారుదేనని 1979లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు తేల్చింది.

వర్జీనియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు తమ చట్టాల్లో దీనికి చోటిచ్చాయి. 1990లలో పరిమిత బాధ్యత కంపెనీలు వచ్చాక డెవలపర్లు అటు మళ్లారు. అప్పుల నుంచి సొంత ఆస్తికి అవి ఇచ్చే రక్షణ ల్యాండ్ ట్రస్టు ఇవ్వలేకపోయింది. ఇప్పుడు పలుచోట్ల రెండూ కలిపే వాడతారు: భూమి ట్రస్టు పేర, లబ్ధిదారు స్థానంలో కంపెనీ.