బాలుర భాషాభ్యాసము: అక్షరమును, అర్థమును

ప్రాథమిక పాఠశాలయందు భాష యను పేర బాలునకు నేర్పఁబడునది యేమి? అక్షరమా, పదమా, యర్థమా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండువందల యేండ్లుగా నిది పలుమాఱు పుట్టినను నేఁటికిని దీఱలేదు. మంజీరకు సమీపమున, నిజాంసాగరపు కాలువనీటఁ బండు బాన్సువాడ సీమను దృష్టియం దుంచుకొని దీనిని విచారింతము.

పూర్వపు వీథిబడులలో విద్య ఓనమాలతో నారంభమగుచుండెను. ‘ఓం నమశ్శివాయ’ యను మంత్రాక్షరములే మొదటి పాఠమగుటచే నా పేరు గలిగినది. బాలుఁడు వ్రేలితో నిసుకపై దిద్ది, గుణింతములును ఒత్తులును ముగించి, పద్యములను కంఠస్థము చేయుచుండెను. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో బడుల వివరములు కోరఁగా, బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో నివేదిక పంపెను. ఆ జిల్లాలో 533 బడులును 6,641 మంది విద్యార్థులును గలరని యందుఁ గలదు. తెలుఁగును కన్నడమును నేర్పు నా బడులలో వ్యయము స్వల్పమనియు, పెద్దబాలురు చిన్నవారికి నేర్పు పద్ధతి మెచ్చఁదగినదనియు నాతఁ డంగీకరించెను. అయినను బాలురు చదువు పద్యముల భాష వాడుక మాటకు మిక్కిలి దూరమగుటచే, చదువుటయే కాని గ్రహించుట లేదని యాతని యాక్షేపము.

ఇది యక్షరక్రమము యొక్క దోషము కాదు. వర్ణమాల యుచ్చారణస్థానముల ననుసరించి కూర్పఁబడినది: కవర్గము కంఠమునఁ బుట్టును, చవర్గము తాలువున, టవర్గము మూర్ధమున, తవర్గము దంతములయందు, పవర్గము పెదవులయందుఁ బుట్టును. ఇంత చక్కని కూర్పు గల మాల ప్రపంచభాషలలో నరుదు. కాని యీ కారణమును జెప్పక, పేళ్లపట్టికవలె వల్లెవేయించినచో శాస్త్రము భారమగును. మఱియు చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుఁగునకు 36 వర్ణములని విభజించెను. బాలుఁ డింటఁ బలుకు మాటలకుఁ జాలు వర్ణములు మొదటను, తక్కినవి పిమ్మటను వచ్చుట న్యాయము. అట్లుగాక, వాఁడు మాటలలో నెన్నఁడును వినని ౠకారమును తొలి యేఁటనే దిద్దవలసివచ్చుచున్నది.

హైదరాబాదు రాజ్యమున నీ చిక్కు ద్విగుణమయ్యెను. 1880ల దశకమున పారసీకమునకు బదులు ఉర్దూ ప్రభుత్వభాష యయ్యెను. 1918లో నారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే జరిగెను. పై చదువునకు ద్వారము ఉర్దూ యగుటచే, క్రింది తరగతులలో తెలుఁగు గౌరవము గోల్పోయెను. 1921లో నాంధ్రజనసంఘము, 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన నాంధ్రమహాసభ వెలసి, ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెనని కోరుచు వచ్చినవి. 1937 నాఁటి మహాసభ, అప్పుడు బాన్సువాడ చేరియున్న జిల్లాకు ముఖ్యపట్టణమగు నిజామాబాదుననే జరిగినది. బాన్సువాడ 2016నుండి కామారెడ్డి జిల్లాలో నున్నది.

నేఁడు భాష మాఱినది, చిక్కు మాఱలేదు. 2018 నాఁటి తెలంగాణ శాసనముచే పాఠశాలలలో తెలుఁగు తప్పనిసరి పాఠ్యాంశ మయ్యెను. 2022లో ప్రభుత్వ పాఠశాలలలో నాంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడి, రెండు భాషలలో ముద్రించిన వాచకములు వచ్చినవి. ఆ యేఁటనే చదువుట, వ్రాయుట, లెక్కించుట యను పునాది నైపుణ్యముల కొఱకు ‘తొలిమెట్టు’ ప్రారంభమైనది. ఇట్టి కార్యక్రమ మవసరమగుటయే, బడికి వచ్చినంతమాత్రమునఁ జదువు రాదనుటకు సాక్ష్యము.

ఈ సీమ బాలుఁడు ఒట్టిచేతులతో బడికి రాఁడు. మడి, చెలక, చెఱకు, అంగడి వాని తెలుఁగు మాటలు. ఆబి, తాబి, పట్టా, పహాణి యనునవి పాలనభాషనుండి రైతు నోటఁ బడి తెలుఁగైనవి. పడమటనున్న మదునూరు వైపు మరాఠీయు వినవచ్చును. ఇట్టి మాటలను దప్పులని తుడిచివేయు వాచకము, బాలుని యింటినే తప్పని చెప్పినట్లగును. వ్యాకరణము లోకవ్యవహారమునకుఁ దరువాత వచ్చినది. పతంజలి తన మహాభాష్యమున, కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవును గాని, శబ్దము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోఁడని యభిప్రాయమిచ్చెను. శబ్దము లోకమున ముందే సిద్ధమై యున్నది. శాస్త్రము దానిని సరిచూచును.

కావున నేర్పవలసిన క్రమ మిది: ముందు బాలు నెఱిఁగిన మాట, అందులోని ధ్వని, ఆ ధ్వనికి గుర్తగు నక్షరము, పిదప గ్రంథభాష, దాని వెంట పరభాష. ఉర్దూ గాని, ఆంగ్లము గాని శత్రువు కాదు. పునాది లేని మేడయే భయము. క్యాంబెల్ 1823లో నడిగిన ప్రశ్ననే నేఁటి యుపాధ్యాయుఁడు ప్రతిదినము పాఠాంతమున నడుగవలెను: ఈ బాలుఁడు చదివినది వానికిఁ దెలిసినదా? తెలియనిచో, ఆ పాఠ మింకను ముగియలేదని గ్రహింపవలెను.